బెంగుళూరు ఫైలుకు లొంగని జడ్సన్ గారు

1991 జూన్ మూడవ తేదీ, సోమవారం ఉదయం, వెంకటాచలం దగ్గర హైవే పక్కన అప్పుడే తెరిచిన మన వర్క్‌షాపులో శ్రీ పాలేటి జడ్సన్ గారు సహాయ మెకానిక్‌గా విధుల్లో చేరారు. ముప్పై నాలుగేళ్ల అవిరామ సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్న ఆ పెద్దమనిషి గురించి రెండు పుటలు రాయమని సావనీరు సంఘం వారు నాణ్యతా తనిఖీ అధికారినైన నన్ను కోరారు. "మంచి మాటలే రాయండి కామాక్షయ్య గారూ" అని ప్రత్యేకించి చెప్పారు కూడా. మంచి మాటలే రాస్తున్నాను. అవి అందరికీ రుచించకపోవచ్చు.

కార్బురేటర్ల కాలంలో చెవితోనూ స్క్రూడ్రైవరుతోనూ నెగ్గుకొచ్చిన వారిలో చాలామంది, ఇంజన్లలోకి కంప్యూటరు రాగానే చేతులెత్తేస్తే, జడ్సన్ గారు చెన్నై వెళ్లి శిక్షణ పొంది, ముప్పై అయిదో ఏట ల్యాప్‌టాపు ఒడిలో పెట్టుకుని మళ్లీ విద్యార్థి అయ్యారు. ఆ తర్వాత కంపెనీ సైలెన్సర్ విప్పించి వెడల్పాటి గొట్టం బిగించుకునే వారి రద్దీ మొదలైంది. గొట్టం నాలుగు బోల్టులతో బిగుస్తుంది గానీ పని అక్కడితో అయిపోదు. పొగ సులువుగా బయటికి పోతే ఇంజను ఎక్కువ గాలి పీలుస్తుంది, ఆ గాలికి తగినంత పెట్రోలు అందించాలి. ఎంత గాలికి ఎంత పెట్రోలు అన్న పట్టిక ఇంజను కంప్యూటరులో ఉంటుంది. మెల్లగా పోయేటప్పుడు కంప్యూటరు తన పొరపాటు తానే దిద్దుకుంటుంది. యాక్సిలరేటరు మీద కాలు పూర్తిగా అదిమినప్పుడు మాత్రం ఆ పట్టికనే గుడ్డిగా నమ్ముతుంది. పట్టిక తప్పయితే పెట్రోలు చాలక, వేడి పెరిగి, పిస్టను కరుగుతుంది. ఆ పట్టికను వరస తర్వాత వరసగా సరిదిద్దడంలో ఆయనకు సాటి రాగలవారిని నేను చూడలేదు.

ఆయన పద్ధతే వేరు. కారును యజమానే నడపాలి, తాను పక్క సీట్లో కూర్చుని అంకెలు చూడాలి. అదీ మిట్టమధ్యాహ్నపు ఎండలో, సముద్రం వైపు పోయే రోడ్డు మీద. ఎందుకన్నా ఈ అవస్థ అని అడిగితే, "తోలేవాళ్ల కాలు ఎట్టా తొక్కతాదో తెలీకుండా పెట్రోలు ఎంత పొయ్యాలో ఎట్టా తెలస్తాదయ్యా?" అనేవారు.

ఒక ఆదివారం చర్చిలో ఆరాధన నడుస్తుండగా, బయట ఆగిన కారు ఇంజను తడబడటం విని, ప్రార్థన మధ్యలో లేచి వెళ్లి బానెట్ ఎత్తించారట. తీరా అది ప్రసంగించడానికి వచ్చిన పాస్టరు గారి కారే. "దేవుడి ముందు కూర్చోనుండి లేచిపోతావా?" అని శ్రీమతి లిల్లీ గారు మందలిస్తే, "దేవుడు ఆగతాడు లిల్లీ, ఆ ఇంజను ఆగేట్టు లేదు" అన్నారట. పాస్టరు గారు ఆ మాట విని మనసారా నవ్వారని లిల్లీ గారే చెప్పారు.

ఇక రాయక తప్పని సంగతి. 2019లో మన యాజమాన్యం బెంగుళూరు సంస్థ ఒకదాని నుంచి తయారుగా ఉన్న పట్టికలు తెప్పించింది. ఆ పట్టికల ఫైలును ఇరవై నిమిషాల్లో కారు కంప్యూటరులోకి ఎక్కించి, యజమానికి తాళం చేతికివ్వమని ఉత్తర్వు. జడ్సన్ గారు మేనేజరు గారి ఎదుట నిలబడి చెప్పారు: "సార్, బెంగుళూరు మూడు వేల అడుగుల ఎత్తున ఉండాది. ఆడ గాలి పల్చన, ఈడ చిక్కన. పట్టికలో మన గాలికి పనికొచ్చే వరసలు ఆడ ఎంత తొక్కినా రావు. రానివాటిని వాళ్లు సరిచూసుండరు. ఈడ కాలు అదిమితే ఇంజను నేరుగా ఆ వరసల్లోకే పోతాది."

"నీ గాలి పాఠాలు నాకెందుకయ్యా, ఎక్కించు" అన్నారు మేనేజరు గారు.

జడ్సన్ గారు ఎక్కించలేదు. ఎందుకు ఎక్కించనో అర పేజీ రాసి ఇచ్చారు. ఆ కాగితం మీద ‘అందినది’ అని ముద్ర వేసింది నేనే. మరునాడు ఆయన సెలవులో ఉండగా, మేనేజరు గారు దగ్గరుండి వేరొకరి చేత, గొట్టం మార్పించుకున్న గూడూరు అధ్యాపకురాలు భానుప్రియ గారి కారుకు ఆ ఫైలు ఎక్కించారు. మూడో రోజున చిల్లకూరు దాటాక, లారీని దాటబోయి ఆమె కాలు అదిమితే పిస్టను కరిగి ఇంజను నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక వస్తున్న బస్సు డ్రైవరు సమయానికి బ్రేకు వేశాడు గనుక ఆమె, ఆమె తల్లి చెంచమ్మ గారు బతికి బయటపడ్డారు.

విచారణ నాటికి ఆ అర పేజీ కాగితం మాయమైంది. పరీక్షించకుండా ఫైలు ఎక్కించినది జడ్సన్ గారేనని నివేదిక తయారైంది. దాని కింద సాక్షి సంతకం నాది. చదవకుండా పెట్టలేదు, చదివే పెట్టాను. కారణాలు చెప్పను, అన్నీ పిరికి కారణాలే. అంతటి పనివాడి చేతిలోంచి ల్యాప్‌టాపు లాక్కుని, ఆరేళ్లపాటు స్పేర్ పార్టుల కౌంటరులో నిలబెట్టాం. ఇప్పుడేమో ఈ సావనీరు అట్ట మీద ల్యాప్‌టాపుతో ఉన్న ఆయన పాత ఫొటో వేసి, కింద ‘సంస్థకు గర్వకారణం’ అని రాశాం. సిగ్గుండాలి మనకు. నన్ను కలుపుకునే ‘మనకు’ అంటున్నాను.

శాలువాతో పాటు ఆయనకు ఇవ్వబోయే సేవాపత్రం సంతకం కోసం నా బల్ల మీదికి వచ్చింది. ‘నిర్లక్ష్యం కారణంగా ఒకసారి క్రమశిక్షణ చర్యకు గురైనారు’ అని అందులో ఒక వాక్యం ఉంది. గూడూరులోని ఒక శిక్షణ కేంద్రం వారు ఈ విద్య నేర్పడానికి ఆయనను పిలిచారు. సేవాపత్రం చూశాకే తీసుకుంటామన్నారు. ఆ ఒక్క వాక్యంతో ఆ తలుపు మూసుకుపోతుంది.

పోయిన వారం వారింటికి వెళ్లి, "అన్నా, నన్ను క్షమించు" అన్నాను. లిల్లీ గారు కాఫీ ఇచ్చారు గానీ నా ముఖం చూడలేదు. ఆమె కోపం న్యాయమైనది. జడ్సన్ గారు మాత్రం, "ఎప్పుడో క్షమించినాను లేవయ్యా. కానీ కామాక్షయ్యా, క్షమాపణ నీకూ నాకూ సరిపోతాది, కాగితానికి సరిపోదు. కాగితం దిద్దు" అన్నారు.

దిద్దుతున్నాను. 2019 నాటి నా సాక్షి సంతకాన్ని ఇందుమూలంగా ఉపసంహరించుకుంటున్నాను. ఫైలు ఎక్కించింది జడ్సన్ గారు కాదు. వద్దని రాసిచ్చింది ఆయన, ఆ కాగితం అందుకున్నది నేను. ఈ మాటే రాతపూర్వకంగా యాజమాన్యానికీ, భానుప్రియ గారికీ పంపాను. ఆ వాక్యం తీసేసేవరకు సేవాపత్రం మీద సంతకం చేయను. ఈ వ్యాసాన్ని అచ్చు వేయకపోతే సభలో నిలబడి చదువుతాను.

శ్రీ జడ్సన్ గారు, శ్రీమతి లిల్లీ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, చల్లని మనసుతో, కలకాలం జీవించాలని, ఆయన విద్య మరెందరికో అందాలని హృదయపూర్వకంగా కోరుకుంటున్నాను. ఆయన మీద మనం రాసిన ఆ అబద్ధం మాత్రం ఈ సాయంత్రమే పదవీ విరమణ చేయాలి.