చేపల షెడ్డు సీను

ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీ రేవు దగ్గరి హాల్లో సినిమా అప్పుడే అయిపోయింది. తీసినావిడ తలుపు దగ్గర నిలబడి ఉంటే, ఒకప్పుడు చేపల షెడ్డులో పనిచేసిన మేనత్త అందరికంటే ముందొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

“నవలలన్నావు, రేడియో నాటకాలన్నావు, ఇప్పుడు సినిమా. ఒక్కదాని మీద నిలబడవేంటే?”

“మీ షెడ్డు ఆడవాళ్ళ సమ్మె కథ పుస్తకంగా రాస్తే నువ్వు చదవవుగా అత్తా!”

“చదవను. అది సరే, ఆ షెడ్డు సీను డబ్బు పెడతామన్న లండన్ వాళ్ళు తీసేయమన్నారటగా?”

“చేపలు కోసే ఆడవాళ్ళు అంతసేపు మాట్లాడుకుంటే ఎవరూ చూడరన్నారు. మీ యాస అర్థం కాదన్నారు.”

“మరి నువ్వేమన్నావు?”

“మీ సినిమా మీరే తీసుకోండని వచ్చేశాను. అరువు కెమెరాతో మళ్ళీ మొదలుపెట్టేసరికి రెండేళ్ళు పట్టింది. మధ్యలో మానేద్దామనుకున్నాను కూడా.”

“నాతో ఒక్క మాటైనా అనలేదే!”

“అంటే లండన్ వెళ్ళి వాళ్ళ మీద పడేదానివి.”

“పడేదాన్నే. ఆ సీనప్పుడు ఒక్కరైనా కదిలారా? నా వెనక, మాతో షెడ్డులో పనిచేసిన డోరీన్ ముక్కు చీదుతూనే ఉంది.”

“నువ్వు ఏడవలేదా?”

“నేనెందుకేడుస్తాను? ఆ సమ్మె గెలిచింది మేమేగా!”

మేనకోడలికి నవ్వూ కన్నీళ్ళూ ఒకేసారి వచ్చాయి.

“పద అత్తా, టీ తాగుదాం.”

“ఆగవే. జనాన్ని బయటికి రానీ. ఇది మా పిల్ల తీసిందని అందరికీ చెప్పాలి.”