పాదిరిగారి బంగళా గుడ్డికిటికీ

అధ్యక్షులు, పాదిరులపై అధికారి ఆర్చిడీకను దొరగారికి, కొత్త పాదిరి లావింగ్టన్ గారికి, వారి దొరసానిగారికి, చర్చి పెద్ద ట్రెడ్‌గోల్డ్ గారికి, ఎల్మ్‌స్వర్త్ ఊరివాళ్లందరికీ కెజాయా ప్లంట్రీ వందనాలు.

నలభై ఒక్క ఏళ్లు పాదిరిగారి బంగళాలో వంట చేసి, తాళాలు మోసి, ఈ రోజు దిగిపోతున్న నాకు ఇంత మంచి గోడగడియారం ఇచ్చారు. అది ఎక్కడ ఆగిపోతుందోనని ఇప్పటినుంచే బెంగ పట్టుకుంది. (నవ్వులు) చదువు అంతగా లేనిదాన్ని, తప్పులుంటే మన్నించండి. ట్రెడ్‌గోల్డ్ గారూ, ఆ తలుపు కాస్త వేయించండి, దొరగారి మెడకు చలిగాలి కొడుతోంది.

బంగళా ముందు నిలబడితే మేడమీద ఐదు కిటికీలు కనిపిస్తాయి. తూర్పు చివరది కిటికీ కాదు. మూడో జార్జి రాజు కాలంలో కట్టినాయనకు రెండు వైపులా సరిసమానంగా ఉండాలని పట్టుదల. అక్కడ కిటికీ పెట్టడానికి వీల్లేక, గోడలో గూడు తీసి, నల్లరంగుతో అద్దాలు, తెల్లరంగుతో చట్రాలు వేయించాడు. నేను పనిలో చేరిన కొత్తలో నిచ్చెనెక్కి ఆ రంగు అద్దాలను సబ్బునీళ్లతో తుడుస్తుంటే, మన జేబెజ్ వాళ్ల నాన్న, ఈనోక్ మేస్త్రీ, కిందనుంచి "ఏమ్మా కెజాయా, లోపలివాళ్లు కనిపిస్తున్నారా?" అని కేకేశాడు. (నవ్వులు)

మన దగ్గర ఏ ఇంట్లో మూసిన కిటికీ కనిపించినా, పూర్వం కిటికీల లెక్కన వేసిన పన్నుకు భయపడి మూశారనే అంటాం. అప్పటి పాదిరి హాలమ్ అయ్యగారూ అదే అనుకున్నారు. తన కూతురు, జబ్బుపిల్ల లెటిస్‌కు పొద్దుటి ఎండ తగలాలని ఈనోక్‌తో దాన్ని తెరిపించారు. తవ్వితే ఇటుకలన్నీ మసి. "అయ్యగారూ, పక్కనే వంటింటి పొగగొట్టం ఉన్నట్టుంది" అన్నాను. "వందేళ్లనాటి మసి, కెజాయా! పాలు విరిగినా నీకు ప్రళయమే కదా" అని నవ్వారు. నిజమే. నా బెంగలకు అంతు లేదు. అందుకే ఆ మాటా వాటిలో కలిసిపోయింది. రెండోసారి చెప్పడానికి నాకే సిగ్గేసింది.

పొగగొట్టానికీ పిల్ల మంచానికీ మధ్య ఒక్క వరస ఇటుక మిగిలింది. లెటిస్ ఎండలోకి చేతులు చాపి, "కెజాయా, మన గుడ్డికిటికీకి చూపొచ్చింది!" అంది.

నవంబరులో తూర్పుగాలి వీస్తున్న రోజు అయిదు గంటలకు పొయ్యి వెలిగించింది నేనే. పాలు పట్టుకుని పైకి వెళ్లేసరికి పిల్ల బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. రంగొచ్చింది, కోలుకుంటోందని సంతోషపడ్డాను. చెయ్యి పట్టుకున్నాను, చల్లగా ఉంది. తలగడ నిండా పొగవాసన. ఆ ఎరుపు పొగ తెచ్చినదే.

డాక్టరు ఊపిరితిత్తుల జబ్బన్నారు. అయ్యగారు ఆ కిటికీని చూడలేక మళ్లీ ఇటుకలు పెట్టించి, పాత రంగే వేయించారు. నేను నోరు మూసుకున్నాను. ఆయన పిల్లకిచ్చిన వెలుతురే పిల్లను తీసుకుపోయిందని ఆయన మొహం మీద ఎలా అనను? ఇప్పుడు ఆయనా లేరు, ఈనోకూ లేడు.

ఈ సంబరంలో ఇదంతా ఎందుకంటే, మంగళవారం దొరసానిగారు "పాప గదికి ఆ మూసేసిన కిటికీ తెరిపిస్తున్నాం" అన్నారు. జేబెజ్ కొలతలు కూడా తీసుకున్నాడు. నేను నోరు తెరవబోతే "ఇంక దేనికీ బెంగపడకండి, కెజాయా" అని భుజం తట్టారు. మీది మంచి మనసమ్మా. కానీ పొయ్యి వెలుగుతున్నప్పుడు ఆ గోడమీద అరచెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటుంది. ఉత్త గోడ వెచ్చగా ఉండదు.

జేబెజ్, తల దించుకోకు నాయనా, మీ నాన్నను తప్పుపట్టడం లేదు. ఆ గోడమీద సుత్తి వెయ్యనని ఇక్కడ అందరి ముందూ చెప్పు. (జేబెజ్ ఏదో గొణుగుతాడు) గట్టిగా చెప్పు, దొరగారికి వినపడలేదు.

ఆఁ. విన్నాను.

దొరసానిగారూ, ఇవిగో తాళాలు. ఇప్పుడు ఇవ్వగలను. కేకు చేసిన అమ్మలకు, కూర్చుని విన్న మీ అందరికీ వందనాలు. ఆ రోజు రెండోసారి చెప్పలేకపోయాను, ఈ రోజు చెప్పాను. వెళ్తూ లెటిస్ సమాధి దగ్గర కాసేపు ఆగాలి. నాకిక సెలవు.