రెండో తెల్లగుడ్డ

1989 జూన్ 12వ తేదీన వరంగల్‌లో సాయుధ రిజర్వు పోలీసు కానిస్టేబుల్‌గా చేరిన శ్రీ మహమ్మద్ ఖలీల్ గారు, ముప్పై ఏడేళ్ల సేవ పూర్తిచేసి ఈ నెలాఖరున ఆర్మరర్‌గా, అంటే ఆయుధాల శుభ్రతకూ మరమ్మతుకూ బాధ్యులుగా, పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సంచికకు వ్యాసం రాయమని వారి సహోద్యోగి అయిన నా భర్త ప్రకాశ్‌ను అడిగారు. ఆయన రాసిన నాలుగు వాక్యాల్లో మూడు ‘చాలా మంచివారు’ అనే ముగియడంతో కలం నేను అందుకున్నాను. క్వార్టర్లలో ఆరేళ్లు మా రెండు కుటుంబాలూ ఎదురెదురు ఇళ్లలో ఉన్నాయి.

ఖలీల్ గారు చిట్యాలలో బట్టలు కుట్టిన బాబామియా గారి రెండో కుమారులు. ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఆర్మరర్ శిక్షణకు ఎంపికయ్యారు. తండ్రి దగ్గర కత్తెర పట్టిన చేయి కనుక, తుపాకీ గొట్టంలో దూర్చే గుడ్డముక్కలను కొలవకుండానే ఒకే తీరుగా కత్తిరించేవారు. జిల్లాల విభజన తర్వాత భూపాలపల్లిలోనూ మహబూబాబాద్‌లోనూ పనిచేసి, చివరి నాలుగేళ్లు జనగామ వైపు రఘునాథపల్లి, నర్మెట్ట స్టేషన్ల ఆయుధాలు కూడా చూసుకున్నారు.

గుడ్డ విషయంలో వారికి పట్టింపు ఎక్కువ. “పాత నూలు చీర ఉంటే ఇయ్యి బిడ్డా, గంజి పెట్టింది మాత్రం వద్దు” అనేవారు. ఒకసారి గంజి పోని చీర ఇచ్చాను. మర్నాడే మడత విప్పకుండా తిరిగొచ్చింది. వారి శ్రీమతి హసన్ బీ గారు నవ్వేవారు: “మా ఇంట్ల మంచి దుప్పట్లన్నీ తుపాకులే కప్పుకున్నయి!”

వారి దగ్గర పని నేర్చిన ప్రతి కానిస్టేబులూ వల్లించే మాట ఒకటుండేది: “గుడ్డ తెల్లగొస్తే గొట్టం సాఫ్.” ఆ మాటే ఒక ఏడాది మా ఇంటిమీదికి వచ్చింది.

ప్రకాశ్ తాగుడు మానేసి అప్పటికి మూడేళ్లు. వార్షిక ఫైరింగ్‌లో ఆయన పేల్చిన పది గుండ్లలో ఏడు గురితప్పి చెదిరిపోయాయి. “మల్ల మొదలు పెట్టినట్టున్నడు, చేయి ఆగుతలేదు” అని ఎవరో అన్నారు. గార్డు డ్యూటీ నుంచి తప్పించాలన్న మాట సాయంత్రానికల్లా పై అధికారుల దాకా వెళ్లింది. రైఫిల్ శుభ్రంగా ఉందని ఖలీల్ గారే సంతకం చేసి ఉన్నారు కాబట్టి, తప్పు ఇక చేతిదే.

ఖలీల్ గారు ఒక్కటే అడిగారు: “తాగినవా?”

“లేదన్నా, బిడ్డ మీద ఒట్టు.”

“ఒట్టెందుకు? లేదంటే చాలు.”

తానే ఆ రైఫిల్ తీసి, ఫైరింగ్ మసి తుడిచి, నూనెగుడ్డ దూర్చారు. తెల్లగానే వచ్చింది. ఆయన అక్కడ ఆగలేదు. గొట్టాన్ని వెలుతురుకెత్తి చూస్తే లోపలి గాడుల్లో ఎర్రటి జీర కనిపించింది. గుండుకు ఉండే రాగి తొడుగు, పోతూ పోతూ అంటించి వెళ్లిన పొర అది. మసిని తీసే నూనె రాగిని కదిలించదు. దానికి ముక్కు అదిరే అమ్మోనియా మందు వేరే ఉంది. అది బ్రష్‌తో రాసి, కాసేపు ఆగి గుడ్డ లాగితే ముదురు నీలంగా వచ్చింది.

పక్కనే ఉన్న ఎస్సై వెంకట్ గారు ఒప్పుకోలేదు. “మీ బ్రష్షే ఇత్తడిది గద, ఖలీల్ సాబ్! గా నీలం దానిదే.”

“నిజమే సార్, ఇత్తడికి గూడ మందు తగుల్తే నీలమొస్తది.” బ్రష్‌నూ ఆ నీలం గుడ్డనూ పక్కన పెట్టి, ప్లాస్టిక్ ముక్కున్న కడ్డీతో మళ్లీ మొదలుపెట్టారు. ఏడు గుడ్డలు నీలంగానే వచ్చాయి. ఎనిమిదోది తెల్లగా వచ్చింది. మర్నాడు అదే రైఫిల్‌తో ప్రకాశ్ మళ్లీ పేల్చారు. పదింట తొమ్మిది తగిలాయి.

‘లోపం నా తనిఖీలోనిది’ అని ఖలీల్ గారు నివేదిక రాస్తుంటే ప్రకాశే అడ్డుపడ్డారు. “గా ముక్క ఎందుకన్నా? పాత రైఫిల్ అని రాస్తే సరిపోదా?”

“మరి నీ చేతిమీద పడ్డ మాట ఎట్ల పోతది?”

ఆ నివేదిక మీద వారికి మందలింపు మెమో వచ్చింది. ముప్పై ఏడేళ్ల సర్వీసు పుస్తకంలో వారికున్న ఒకే ఒక్క మెమో అది. ఆ వారం నుంచి మందు రాసి తీసిన గుడ్డ తెల్లగా వస్తేనే సంతకం చేసేవారు.

మెమో అందుకున్న రోజే మా ఇంటికి వచ్చి, ఆ గుడ్డలను పళ్లెంలో వరుసగా పేర్చారు. చివరలకు రెండు తెల్లవి, మధ్యన ఏడు నీలానివి. తర్వాత ఆ రెండు తెల్లవాటినీ కలిపి నా ముందు పెట్టారు.

“జర చూసి చెప్పు బిడ్డా, మొదటిదేది, ఆఖరుదేది?”

చెప్పలేకపోయాను.

“నాకూ తెల్వది. గందుకే ఇన్నేండ్లు మోసపోయిన.”

ఆ మొదటి ఫైరింగ్ నుంచి ప్రకాశ్ తిరిగొచ్చిన సాయంత్రం చాయ్ ఇస్తూ నేనూ ఆయన చేతులవైపే చూశాను. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. తన లోపాన్ని తన సంతకంతోనే రాసిన మనిషి గురించి రాస్తూ దాన్ని దాచడం సరికాదనిపించింది. ప్రకాశ్ కూడా ఈ మాట ఇక్కడే మొదటిసారి చదువుతారు.

వెలుతురుకెత్తి చూసే ఖలీల్ గారి చూపు ఇలాగే చల్లగా ఉండాలి. హసన్ బీ గారితో, కుమార్తె నజియాతో, మనుమలతో వారు నిండు ఆరోగ్యంగా నూరేళ్లు జీవించాలి. వారింటి దుప్పట్లు ఇకనైనా వారే కప్పుకోవాలి. మా ఇంట్లో పాత నూలు చీర మాత్రం గంజి లేకుండా ఎప్పుడూ ఒకటి ఉంటుంది.

– నవ్య