తంబుర పాటలో కేక

పోర్ట్‌బ్లెయిర్, డిగ్నాబాద్. చేపల బజారు నుంచి అప్పుడే వచ్చిన దుర్గ ఇంకా కాళ్లు కూడా కడుక్కోలేదు. గుమ్మంలో జోగులు. సముద్రంలో పోయిన ఆమె మొగుడు పైడిబాబుకి చిన్నాన్న కొడుకు, వైజాగ్ వెళ్లి పాటలు కట్టి పేరు తెచ్చుకున్నవాడు. అరుగు మీద దుర్గ అత్త ముసలమ్మ, పైడిబాబు తల్లి.

"లోపలికి రాకు జోగులూ. అక్కడే నిలబడి చెప్పు."

"చెప్పులు కూడా విప్పేశాను వదినా."

"తొడుక్కో."

"అరే, ఏమైంది? సాయంత్రం షో కదా, మీ నాన్నని తీసుకెళ్దామని కారు తెచ్చాను. తాతబ్బాయి మావయ్య తంబుర పట్టుకుని స్టేజీ మీద కూర్చుంటే చాలు. తత్వం పాడినా సరే, ఊరికే మీటినా సరే."

"మా నాన్న రాడు."

"వస్తానన్నాడు. నిన్న ఫోన్లో..."

"రాడని నేను చెబుతున్నాను."

"ఒరే జోగులా, నువ్వేటి? ఎండలో నిలబడిపోనావు? దుర్గా, ఆడికి టీ పొయ్యే."

"నువ్వూరుకో అత్తా. పాల్లేవు."

"నల్ల టీ ఇయ్యి."

"అత్తా!"

"టీ వద్దులే పెద్దమ్మా. వదినా, ఒక్కసారి విను. మీ వెనక షెడ్లోంచి వస్తోందే, ఆ చప్పుడేంటి?"

"తెలీదా? పిల్లలు తంబుర మీటుతున్నారు. మా నాన్న నేర్పుతున్నాడు."

"ఎవరి పిల్లలు? మనోళ్లేనా? బెంగాలీ పిల్లలు, తమిళం పిల్లలు, రాంచీ పిల్లలు. ప్రోతరాపూర్ నుంచి బస్సెక్కి వస్తున్నారట. మావయ్య తంబుర పెట్టిన నా పాట రాకముందు ఒక్కడైనా వచ్చాడా? మావయ్యతోటే పోవాల్సింది ఆ వాయిద్యం. సచ్ బోలూఁ, నిజం చెప్పనా? నువ్వు నాకు థాంక్స్ చెప్పాలి."

"చెప్పాలా? కన్నారావు తెలుసు కదా, మన వీధి పెద్ద?"

"తెలుసు. ఆయనెందుకిప్పుడు?"

"ఆయన కూతురి పెళ్లికి మా నాన్న వెళ్తే, పెళ్లింట్లోకి శవాల దగ్గర మీటే చావు తంబుర తెస్తావా అని గేటు బయట పెట్టించాడు. వానలో. మా నాన్న కూడా దాని పక్కనే బయట కూర్చుని తడిసి, అన్నం తినకుండా ఇంటికొచ్చాడు. అదే కన్నారావు మొన్న మనవడి పుట్టినరోజుకి కేకు మీద క్రీముతో తంబుర వేయించాడు. ఆ తంబురని కత్తితో కోసి నా నోట్లో పెట్టబోయాడు."

"చూశావా, అదే నేను చెప్పేది. జనం మారారు."

"మారారా? నువ్వు మారావా? చిన్నప్పుడు మా నాన్న తంబుర భుజానేసుకుని వస్తుంటే రోడ్డు దాటి అటువైపు నడిచేవాడివి."

"చిన్నతనం వదినా. అందరూ నవ్వేవారు, శవాల తాత అని."

"ఇప్పుడు మాత్రం ఆ శవాల తాతని పక్కన కూర్చోబెట్టుకుని ఫొటో తీయించుకుంటావు."

"నా మీద కోపం ఉంటే నన్ను తిట్టు. మావయ్య ముచ్చట ఎందుకు చెడగొడతావు? పాటలో ఉన్నది ఆయన తంబురేగా?"

"తంబురొక్కటే ఉందా?"

"వదినా, వెళ్లాలి, రిహార్సల్ ఉంది..."

"తంబురొక్కటే ఉందా పాటలో? పొద్దున్న బజార్లో ఐసు కొట్టే కుర్రాడు నా ముందు చేతులూపుకుంటూ ఊగుతున్నాడు. 'పైడీ... పైడీ...' అని. పాపం, బెంగాలీ కుర్రాడు, ఆడికేం తెలుసు? 'దీదీ, ఆప్ భీ గావో' అంటాడు. నన్ను పాడమంటాడు! పాటలో అలా అరిచే గొంతు ఎవరిది జోగులూ?"

"నీకు తెలుసు కదా."

"నీ నోటితో చెప్పు."

"నీదే."

"ఏ రోజుది?"

"వదినా, ప్లీజ్."

"ఏ రోజుది?"

"అన్నయ్య కర్మ రోజుది. ఒడ్డున."

"శవం కూడా దొరకలేదని గడ్డిబొమ్మ చేసి, దానికి మీ అన్న చొక్కా తొడిగి నిప్పు పెట్టిన రోజు. మా నాన్న తంబుర మీటుతూ తత్వం పాడుతుంటే, ఆ చొక్కా అంటుకోవడం చూసి అరిచాను. పెళ్లయిన దగ్గర్నుంచి మీ అన్న పేరు నా నోటివెంట రాలేదు. ఇదిగో అనేదాన్ని, ఏవయ్యా అనేదాన్ని. మొదటిసారి పేరెట్టి పిలిచింది ఆ రోజే. దాన్ని తీసుకెళ్లి నువ్వు డాన్సు పాటకి పెట్టావు!"

"డాన్సు పాట కాదది. జనం డాన్స్ చేస్తే నేనేం చెయ్యను? అన్నయ్య పేరే పెట్టాను పాటకి."

"ఎవరినడిగి?"

"మావయ్యని. తంబుర రికార్డు చేసుకోనా అంటే తలూపాడు."

"ఆయన తంబుర ఆయనిచ్చాడు. నా గొంతు ఎవడిచ్చాడు నీకు?"

"ఆ రోజు నిన్నెలా అడగను? నువ్వున్న స్థితికి..."

"తరవాత? నెలమాసికానికొచ్చి నా చేతి అన్నం తిన్నావే, అప్పుడు? సంవత్సరీకానికి?"

"భయమేసింది."

"అడిగితే వద్దంటానని."

"హాఁ. వద్దంటావని."

"ఛీ."

"ఛీ అను. చెప్పు తీసుకుని కొట్టు. కానీ నాకు మాత్రం అన్న కాదా వదినా? నాకు ఈత నేర్పిందెవరు? డింగీ పడవ మీద మొదటిసారి వాంతులు చేసుకుంటుంటే వీపు రాసిందెవరు? ఆ రికార్డింగు చెవిలో పెట్టుకుని వైజాగ్ గదిలో ఏడ్చాను. పాట కట్టకపోతే పాగల్ అయ్యేవాణ్ణి."

"అయితే నీ ఏడుపు పెట్టుకో పాటలో. నా ఏడుపెందుకు?"

"పెట్టాను. మొదట నా గొంతే పెట్టాను. పనికి రాలేదు. ఎవరికి వినిపించినా బావుంది అన్నారు, అంతే. నీది పెట్టాక... విన్నవాళ్లు మళ్లీ మళ్లీ పెట్టమన్నారు."

"అంటే జనం నీ తంబురకి రాలేదు."

"లేదు. ఆ కేకకే వచ్చారు. కేక వెనకాల ఆ తీగ చప్పుడేంటని అడిగారు. అప్పుడు తంబుర సంగతి తెలిసింది."

"తీసెయ్."

"ఏంటి?"

"నా గొంతు తీసెయ్. తంబుర ఉంచుకో, పేరు ఉంచుకో, మా నాన్నని స్టేజీ ఎక్కించుకో. నా కేక తీసెయ్."

"అది తీసేస్తే పాటే లేదు వదినా. పాట లేకపోతే రేపు ఆ షెడ్డు ఖాళీ. మావయ్య ముఖం చూశావా ఈమధ్య? గెడ్డం గీసుకుంటున్నాడు. చిట్టితల్లి అని ఎవరో పిల్ల శ్రుతి భలే పట్టిందని నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు."

"చూశాను. ఈ ఇంట్లో ఉన్నదాన్ని నేను, నువ్వు నాకు చెబుతావా? చూశాను కాబట్టే ఇన్నాళ్లూ నోరు కుట్టుకుని కూర్చున్నాను. ఆటోలో వస్తే దిగిపోయాను. జెట్టీ దగ్గర వస్తే చెవులు మూసుకున్నాను. ఇంక నావల్ల కాదు. నా మొగుణ్ణి నేను ఒకేఒక్కసారి పిలిచాను జోగులూ. దాన్ని నాకిచ్చెయ్."

"పిల్లలు మానేస్తారు."

"మానెయ్యనీ!"

"మావయ్య..."

"మా నాన్నకి నేను చెప్పుకుంటాను. తీస్తావా, తియ్యవా? ఈ సాయంత్రం ఆ మైదానంలో జనమంతా కలిసి అలా అరిస్తే, నేనే స్టేజీ ఎక్కి ఆ మైకు నీ నెత్తిన పగలగొడతాను. ఒట్టు."

"సరే."

"ఏటి సరే?"

"తీసేస్తాను. ఇప్పుడే. నీ ముందే చేస్తాను ఫోన్... హలో, యుగంధర్ భయ్యా? సౌండు దగ్గరే ఉన్నావా? సున్, విను. ఆ కేక ఉంది చూడు... హాఁ, లేడీ వాయిస్. సాయంత్రం అది వద్దు. నెట్‌లోంచి కూడా తీయించే పని చూడాలి... కారణం తరవాత చెబుతాను. తీసెయ్ అన్నానా, తీసెయ్!"

"ఒరే జోగులా, ఆ ఫోనాపు."

"ఏంటి పెద్దమ్మా?"

"తియ్యొద్దని సెప్పు ఆడికి."

"అత్తా, నీకు తెలీదు, నువ్వూరుకో."

"నాకేటి తెల్దు? ఆ కేక నీదని మొదటి దినమే పోల్చాను. పక్కింటోళ్ల ఫోన్లో ఇన్నాను."

"పోల్చావా? పోల్చి నాతో ఒక్కమాట అనలేదా?"

"అంటే ఆపించేస్తావని. ఇప్పుడు సూడు, అదే సేస్తన్నావు."

"ఆపించక? నీ కొడుకు చావు మీద గెంతుతున్నారు అత్తా!"

"సావంటావేటే? శవాన్ని సూసావా నువ్వు?"

"అత్తా..."

"నాను సూడనేదు. గడ్డి కాలిస్తే నా కొడుకు సచ్చిపోయినట్టేనా? సందేళ నానూ ఒడ్డుకెళ్లి పిలుస్తన్నాను. ముసలి గొంతు, అలల కాడే పడిపోతంది. జోగులా, ఇయ్యేళ మంది బాగా వస్తారా?"

"ఒడ్డున మైదానం నిండిపోతుంది పెద్దమ్మా."

"అందరూ ఒక్కపాలే పిలుస్తారా ఆణ్ణి?"

"పిలుస్తారు."

"మరయితే పాట మోగే ఆ పెద్ద డబ్బాలు ఊరివేపు పెట్టారేట్రా? సముద్రం వేపు తిప్పండి."