నేను బాగున్నాయన్న రెండు వందల పన్నెండు ఫ్రేములు

సభకి అధ్యక్షత వహిస్తున్న జనరల్ మేనేజర్ చువాంగ్ గారికి, ఫ్రేములకి నల్లటి కార్బన్ గుడ్డ పరిచే గదిలో ఇరవై తొమ్మిదేళ్లుగా నాతో పోట్లాడుతున్న అ-మియెన్ వదినకి, నేను రిటైరవుతున్నందుకు రేపటి నుంచి తనిఖీ బల్ల దగ్గర నా కుర్చీలో కూర్చోబోతున్న పే-యున్‌కి, విందులో మూడు కప్పుల కోడి కూర చల్లారిపోతోందే అని లోలోపల నన్ను తిట్టుకుంటున్న మిగతా అందరికీ ఈ లియావ్ సియు-చిన్ నమస్కారాలు. (నవ్వులు)

ఇందాకటి నుంచి నన్ను పొగుడుతూనే ఉన్నారు. ఈ హాల్లో నేను తిట్టని మనిషి ఒక్కరు లేరు. అలాంటిదాన్ని ఇంతలా పొగిడితే అనుమానం రాదూ? మొన్న చువాంగ్ గారు ఇంటికి పండ్లబుట్ట పంపిస్తే, ఒక్కో పండూ తిప్పి అడుగున చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. (నవ్వులు)

సైకిల్ కొనడానికి వచ్చే దొరబాబులు అడిగేది ఒకటే, కార్బన్ ఏ దేశం నుంచి తెప్పించారని. అడగాల్సింది అది కాదు బాబూ! ఒక్క ఫ్రేముకి నాలుగు వందల ముక్కలు పడతాయి, ఏ ముక్క ఏ వాలున, దేని మీద దేన్ని పరిచారో అడగాలి. జిగురు పట్టించిన గుడ్డని ఫ్రీజర్లోంచి తీసి ఎంతసేపు బయట ఉంచారో అడగాలి. అచ్చులో బిగించాక లోపలి గాలితిత్తి మూలమూలకీ నొక్కిందో లేదో అడగాలి. ఒక్క ముడత పడినా, కాస్త గాలి చిక్కుకున్నా, పైన రంగు వేశాక దేవుడికైనా కనపడదు. చెవికి మాత్రం వినపడుతుంది.

అందుకే ఈ పది యువాన్ల బిళ్ళ. తట్టితే, గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, లోపల పొర విడిపోయిన చోట మొద్దుగా పలుకుతుంది. యంత్రం ఉంది కదా అంటారు. ఉంది, వందకి ఐదు ఫ్రేములు చూస్తుంది. మిగతా తొంభై ఐదూ ఈ బిళ్ళా, నా చెవీ.

ఒకసారి వదిన పరిచిన ఫ్రేము మీద పనికిరాదని ఎర్రముద్ర కొట్టాను. నా బల్ల మీదికి పోట్లాటకి వచ్చేసింది. "నా చేతిలో ముడత పడుతుందా? ఆ తెగులేదో నీ చెవిలోనే ఉందే, పోయి చూపించుకో!" అంది. రంపం తెప్పించి కోయించాను. ముడత ఉంది. వారం రోజులు నా మొహం చూడలేదు. నవ్వకు వదినా, నీ మాట దగ్గరికే వస్తున్నాను.

ఈ మూడు నెలల్లో నేను ఒక్క ఎర్రముద్ర కూడా కొట్టలేదు. "అక్క మెత్తబడింది" అని మీరంతా సంబరపడ్డారు. చువాంగ్ గారూ, ఆ పండ్లబుట్ట అందుకేగా? (నవ్వులు) నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఇంత బాగా ఎలా చేస్తున్నారు వీళ్లు? నన్ను ఏమారుస్తున్నారా? అచ్చులు కాల్చే ఓవెన్ మొరాయించకుండా మాట వినాలని, మన నమ్మకం కొద్దీ దాని మీద పెట్టే ఆకుపచ్చ చిరుతిండి పొట్లానికి గడువు తీరిందేమోనని కూడా చూసొచ్చాను. తీరలేదు.

అదే రోజుల్లో మా ఇంట్లో కెటిల్ ఈల వేయడం మానేసింది. దుకాణం వాడు మోసం చేశాడని పోట్లాడి కొత్తది తెచ్చుకున్నాను. అదీ వేయలేదు. పోయిన ఆదివారం మళ్లీ వెళ్లి వాడి పరువు తీశాను. వాడు నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాడు. కాసేపటికి దుకాణంలో అందరూ చెవులు మూసుకున్నారు. నేనొక్కదాన్నే, ఎందుకు మూసుకుంటున్నారా అని చూస్తూ నిలబడ్డాను.



ఇప్పుడు అర్థమైందా? వినపడకుండా పోయింది నా చెవికే. ఊరందరినీ అనుమానించాను. నన్ను నేను అనుమానించుకోలేదు.

మీరు బహుమతిగా ఇచ్చిన ఈ ఫ్రేము చూడండి, బంగారు రంగుతో నా పేరు రాయించారు. ఈ మూడు నెలల్లో నేను బాగుందన్న వాటిలోదే. తడుతున్నాను. పై గొట్టం... కింది గొట్టం... పెడల్ ఇరుసు దగ్గర. నాకు అన్నీ ఒకేలా ఉన్నాయి. పే-యున్, ఇలా రా తల్లీ. నువ్వు తట్టు.

ఏమైంది? తల దించుకుంటావేం? గట్టిగా చెప్పు, నాకు వినపడదని ఇప్పుడేగా చెప్పాను.

"ఇరుసు దగ్గర మొద్దుగా ఉంది అక్కా."

ఇంతకుముందు కూడా ఇలా అనిపించిందా?

"అనిపించింది అక్కా. చాలాసార్లు. మీరు బాగుంది అన్నాక, కాదని నేనెలా అనను?"

విన్నారా? దాని తప్పు కాదు. నోరెత్తిన ప్రతివాళ్లనీ అనుమానించి, దాని నోరు నొక్కేసింది నేనే. ఏడవకు తల్లీ, ఏడవాల్సినదాన్ని నేను.

చువాంగ్ గారూ, మీరేదో అంటున్నారు. పండగపూట ఇదంతా ఎందుకు, సోమవారం మాట్లాడుకుందాం అనేగా? సోమవారం ఉదయానికి, ఈ మూడు నెలల్లో నేను బాగున్నాయన్న రెండు వందల పన్నెండు ఫ్రేములూ ఓడ ఎక్కుతాయి. వాటి మీద కొండ దిగేవాడు బ్రేకు వేసే ముందు నన్ను తలుచుకోడు. ఎవరో చూసే ఉంటారన్న నమ్మకంతోనే దిగుతాడు. అందుకని, ఈ మూడు నెలల్లో నేను పెట్టిన సంతకాలన్నీ వెనక్కి తీసుకుంటున్నానని కాగితం రాసి, భోజనాలకి ముందే మీ పళ్లెం కింద పెట్టాను. సభ ముందు చదవండి. అనుమానపు మనిషినండీ, ఏమీ అనుకోకండి.

నా ముక్కుమీది కోపాన్ని భరించినందుకు అందరికీ రుణపడి ఉన్నాను. వదినా, చెవి చూపించుకోమన్నావు, రేపు చూపించుకుంటాను, నువ్వూ తోడు రా. పే-యున్, ఇదిగో బిళ్ళ. రెండు వందల పన్నెండూ నువ్వే తట్టు. మొద్దుగా ఉంటే మొద్దుగా ఉందని అరిచి చెప్పు, ఎదురుగా ఎవరున్నా సరే. ముందు ఈ నా ఫ్రేముని రంపం కిందికి తీసుకెళ్లు. పేరు సరిగ్గా ఇరుసు మీదే పడింది. పేరుంది కదా అని పక్కకి జరిపి కోయకు. అక్కడే కొయ్యి.

సెలవు.