ఉడుము మనిషి మూడోసారి

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో మార్నింగ్ షో వదిలాక, ఆటో నడిపే మట్టయ్య, వెనక సీట్లో బ్యాంకు ఉద్యోగి వెంకట్రావు, ఎల్‌బీ నగర్ వైపు పోతున్నారు.

"గా ప్లాట్ల సాంబమూర్తిని మించిన దొంగలు సారూ, గీ సినిమా తీసినోళ్లు."

"ఉడుము మనిషి ఎలా ఉందయ్యా అంటే, మధ్యలో సాంబమూర్తి ఎందుకు?"

"ఎందుకంటే? ఒక్క సరుకు మూడుసార్లు అమ్మిండ్రు. మొదటి ఉడుము మనిషి చూసిన్నాడు నాకింకా పెండ్లి గాలె. పహిల్వాన్ లెక్క ఉండె. పట్టిండంటే గోడ ఊడాలె గాని చెయ్యి ఊడదు. రెండోడు జర ఏడ్పుగొట్టు. గీ మూడోడేంది? పొద్దుందాక ఫోన్ గీకుడు, అద్దం చూసుకునుడు."

"కొత్త తరం మట్టయ్యా. వాళ్ల కోసం మళ్లీ మొదట్నుంచి తీశారు."

"మొదటి నుంచి అంటే? హీరో చిన్నాయన మళ్ల సచ్చుడేనా? ఒకపారి రైలు కింద, ఒకపారి మంటల్ల, ఇప్పుడు వంతెన మీద. పోరడేమో గప్పుడే తెలిసినట్టు ఏడుస్తడు."

"గ్రాఫిక్స్ బావున్నాయిగా."

"తోక మంచిగ ఊగింది."

"సరేగానీ… రేపు పదింటికి ఖాళీయేనా?"

"బాల్కనీ టికెట్టు, సమోసా, కూల్‌డ్రింకు ఇప్పిచ్చినవు. గప్పుడే అనుకున్న. ఏంది కథ?"

"కథేం లేదు. చిన్న సంతకం. ప్లాటు కొంటున్నా, రేపే రిజిస్ట్రేషన్. సాక్షిగా ఇక్కడి మనిషుంటే మంచిదని మా ఆవిడ… రోజులు బాగోలేదు కదా. మావాళ్లంతా ఉన్నవి అమ్ముకుని పోదామంటుంటే నేను కొంటున్నా."

"ఏడ?"

"ఎల్‌బీ నగర్ దాటాక. పేరు చూసే కొంటున్నా. జై తెలంగాణ నగర్. ఆ పేరున్నచోట మమ్మల్నెవరేమంటారు?"

"అమ్మేదెవరు?"

"రోడ్డు చూసి నడుపు."

"అమ్మేదెవరు సారూ?"

"సాంబమూర్తే. నీకూ ఆయనకీ ఏదో గొడవని తెలుసు. అది పాత లేఅవుటు. ఇది కొత్తది మట్టయ్యా. కొత్త గేటు, కొత్త హద్దురాళ్లు."

"గేటుకు రంగేంది?"

"గులాబీ."

"నేను పోయిన్నాడు పసుపు ఉండె. సాయినగర్ అన్నడు. తర్వాత ఆకుపచ్చ ఏసి బృందావనం అన్నడు. గప్పుడు కొన్న పంతులమ్మ ఇంకా కోర్టు చుట్టే తిరుగుతున్నది."

"లేదు లేదు. అది వేరే చోటయ్యుంటుంది."

"మూలకు చేతిపంపు ఉన్నదా?"

"ఉంది."

"పిడి ఇరిగితే ఇనుపరాడ్ కట్టిండ్రు. సైకిల్ ట్యూబుతోని."

"…నీకెలా తెలుసు?"

"కట్టింది మా ఇంటామె లచ్చమ్మ. ఇల్లు కట్టేటప్పుడు నీళ్లు కావాలె గదా అని."

"ఆటో ఆపు మట్టయ్యా."

"ఎందుకు ఆపుడు? కొత్త తరం సారూ. మళ్ల మొదటి నుంచి."

"ఆపమన్నానా."

"రేపు పదింటికి నేనొస్త. సంతకం పెట్టు అన్నవు గద, పెడ్త. సాక్షి అంటే తెలిసింది చెప్పుడేనాయె. ఆఫీసర్ అడిగితే చెప్త: ఊళ్లె ఎకరం పది గుంటల పొలం అమ్మి నేను కొన్న రెండు వందల గజాలు గివ్వే."