కలుపు నడిచిందట

“ఇయ్యాల అష్టమి. మీ కాలేజీ సారుకు ఫోన్ చేసి రావద్దని చెప్పరాదు?”

“సారు లగ్గం మాటలకొస్తుండా అమ్మా? గడ్డి చూస్తందుకొస్తుండు. గడ్డికి అష్టమి లేదు, నవమి లేదు.”

“గడ్డి కోసం ఉప్పల్ నుంచి ఫలక్‌నుమా దాంక వస్తడా? వాళ్ల దిక్కు మొలుస్తలేదా?”

“మొలుస్తది. గానీ నడుస్తలేదు. మన దగ్గర నడుస్తుంది.”

ఫలక్‌నుమా స్టేషన్ దాటినాక, రైలు పట్టాలకూ గుండయ్య ఇంటికీ నడుమ నలభై అడుగుల ఖాళీ జాగా ఉంది. గుండయ్య రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆదివారమైనా డ్యూటీకి పోయాడు. ఇంట్లో మిగిలింది భార్య సుందరమ్మ, ఎమ్మెస్సీలో మొక్కల చదువు చదువుతున్న కూతురు సుజన.

“గడ్డి నడుచుడేందే?”

“వందసార్లు చెప్పిన. మళ్ల చెప్పాల్నా?”

“చెప్పు. నేను నీ లెక్క ఎమ్మెస్సీనా? ఏడు చదివిన.”

“వానలు షురూ అయినప్పుడు ఆ జాగల నాలుగు గడులు కట్టిన గదా. గడికి నాలుగు పుల్లలు, చుట్టూ ఎర్రదారం. పదిహేను దినాలకోసారి గడిలోపట ఏ మొక్కలు ఎన్నున్నయో లెక్కపెట్టి రాస్తున్న. గదే నా ప్రాజెక్టు.”

“ఆ ఎర్రదారం చూసి పక్కింటి ఖాలా ఏమన్నదో ఎరుకేనా? ‘తుమారీ బేటీపే కోయీ కర్నీ కరే క్యా’ అని అడిగింది. చేతబడి గాదు ఖాలా, గడ్డి లెక్కపెడ్తుంది అన్న. గప్పుడు ఇంక ఎక్కువ భయపడ్డది.”

“మంచిగ చెప్పినవ్.”

“ఇంకేం చెప్పాలె? మీ బాపు పట్టాల బోల్టులు లెక్కపెడ్తడు, నువ్వు గడ్డిపోచలు లెక్కపెడ్తవ్. మాపటికి ఇంట్ల మనుషులను లెక్కపెట్టేది నేనొక్కదాన్నే.”

“షురూ చేసినవా? సరే విను. జూలైల ఆ గడులల్ల ఏముండె? గునుగు, పల్లేరు, చెంచలికూర. అన్ని చెలక భూములల్ల మొలిచే కలుపు. బాపు ఏటేటా బెండ, వంకాయ పెడ్తందుకు తవ్వుతడు గదా, మన్ను గుల్లగ, ఇసుక లెక్క ఉంటది. గసొంటి మన్నంటే వాటికి పానం.”

“అది ఊర్లె సేద్యం చేసే మా అన్న అంజన్న చదువుకోకుంటనే చెప్తడు. పల్లిచేన్ల గునుగు పీకి పీకి మా వదినె చేతులు బొబ్బలెక్కుతయ్.”

“మీ అంజన్నకు ఇది తెల్వదు. ఈసారి బాపు నా కోసమని ఏం విత్తకుంట వదిలిండు. మూడు నెలలల్ల గునుగు గాయబ్. పల్లేరు గాయబ్. గరిక వచ్చింది, గడ్డిచామంతి వచ్చింది, వయ్యారిభామ వచ్చింది. ఎవ్వరు పీకలే, ఎవ్వరు మందు కొట్టలే. బస్తీ మొత్తం ఖాళీ చేసి పోయినట్టు పోయినయ్. సారు నా కాగితాలు చూసి కుర్సీల నుంచి లేచిండు.”

“పాపం.”

“పాపమేంది?”

“ఏం లేదు. పట్టాల దగ్గర గునుగు ఇంక తెల్లగ పూసే ఉన్నది గదనే?”

“అది గడికి బయట. బయటిది మేం లెక్కపెట్టం. శాస్త్రమంటే గట్లనే ఉంటది.”

“మంచి శాస్త్రం.”

“ఎగతాళి చెయ్యకు. ఇంత జల్ది మారుడు యాడ చూడలేదన్నడు సారు. రైతుల కోసం చిన్న పుస్తకం ఏస్తడంట. చెలకల గునుగు మొలిస్తే పరేషాన్ గావద్దు, ఓపిక పడితే దానంతల అదే పోతది అని. కింద నా పేరు.”

“రైతులకా? గసొంటి పుస్తకాలు ఎవరన్న చదువుతరా?”

“మొదటిది మీ అంజన్నకే ఇస్త, ఫికర్ చెయ్యకు.”

“సుజనా.”

“ఊఁ.”

“లెక్క తప్పయితే ఫెయిల్ చేస్తరా?”

“నా లెక్క తప్పు గాదు. ఒక్కొక్క మొక్క మీద వేలు పెట్టి లెక్కపెట్టిన.”

“నీ లెక్క మంచిదే బిడ్డా. నీ లెక్కకేం రోగం?”

“మరి రోగం దేనికొచ్చింది?”

“ఉప్మా చల్లారుతుంది, తిను.”

“అమ్మా.”

“సారు ఉప్మా తింటడా? ఆంధ్ర సారంటివి. పచ్చడి గిట్ల నూరాల్నా?”

“అమ్మా, నా దిక్కు చూడు. ఏం చేసినవ్? పీకినవా?”

“నేనెందుకు పీకుత? ఒక్క పోచ ముట్టలే. నీ మీద ఒట్టు. ఆగు, నీ మీద వద్దు. నా మీద ఒట్టు.”

“మరేంది?”

“నువ్వు చెవులల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటవ్ గదా.”

“దానికీ దీనికీ ఏం సంబంధం?”

“చెవులల్ల అవి పెట్టుకోని, పట్టాలకు ఈపు తిప్పి, వంగి లెక్కపెడ్తవ్. వెనుకంగ ఎంఎంటీఎస్ వస్తది. డ్రైవర్ హారన్ మీద హారన్ కొడ్తడు. నువ్వేమో పాటకు తలకాయ ఊపుతవ్. కిటికీల నుంచి చూస్తాంటే నా గుండె యాడుంటదో నాకే తెల్వదు.”

“పట్టాలు పదిహేను అడుగుల దూరముండె!”

“పదకొండు. నేను కొలిచిన.”

“కొలిచి?”

“ఇంత ఇంటి దిక్కు జరిపిన.”

“ఏం జరిపినవ్?”

“పుల్లలు. దారంతోని సహా. ఒక్క పుల్ల విరగలే. గడి గడి లెక్కనే ఉన్నది.”

“ఎప్పుడు? ఎన్నిసార్లు?”

“నువ్వు కాలేజీకి పోయినంక.”

“ఎన్నిసార్లు అంటున్న!”

“ఒకేసారి జరిపితే నీకు ఎరుకైతది గదా. అందుకని నువ్వు లెక్కపెట్టే ముంగటి దినం నాలుగడుగులు, మళ్లోసారి నాలుగడుగులు...”

“ఆరుసార్లు?”

“ఐదు. ఒకసారి జరమొచ్చి లేవలే.”

“గందుకేనా ఆగస్టుల ఒకసారి ఏం మారలేదు! అది ఎందుకు మారలేదో సారు రెండు పేజీలు రాయమన్నడు!”

“రాసినవా?”

“రాసిన! వానలు తక్కువైనయని రాసిన!”

“వానలు గూడ తక్కువే గదా బిడ్డా.”

“బాపు తవ్విన గుల్ల మన్ను నుంచి, మనం నడిచి నడిచి గట్టిపడ్డ మన్ను దాంక తెచ్చి పెట్టినవ్. గరిక రాక ఏమొస్తది? ఇంకో మూడుసార్లు జరిపితే గడులు వంటింట్లకొచ్చేవి. కూసోని జిలకర, మెంతులు లెక్కపెడ్తుంటి!”

“గట్లయితే నాకు మస్తు నిమ్మలముంటుండె.”

“అమ్మా!”

“తప్పయింది. సారుకు చెప్పు. మా అమ్మ పిరికిది, పానం ఊకుంటలేక గిట్ల చేసిందని చెప్పు.”

“చెప్తే ఏమైతది ఎరుకేనా? వానకాలం ఐపోయింది. మళ్ల వానలు పడేదాంక కూసోని, మళ్ల మొదటి నుంచి లెక్కపెట్టాలె. ఏడాది పోతది. నాతోని చదివినోళ్లందరు పట్టాలు తీసుకోని పోతరు, నేను ఈ పట్టాల పక్కన కూసుంట. చెప్ప.”

“చెప్పవా?”

“చెప్ప. సారుకు తెల్వదు, బాపుకు తెల్వదు. నువ్వు నోరు తెరవకు. చాయ్ పొయ్యి, ఉప్మా పెట్టు, నమస్తే అను. గంతే.”

“రేపు ఎవరికన్న తెలిస్తే? పేపర్ల ఏస్తే? పోలీసులు...”

“గడ్డికి పోలీసులు రారమ్మా!”

“మరి అంజన్న?”

“అంజన్నకేమైతది?”

“మేనకోడలి పేరున్నదని ఆ పుస్తకం ఊరంత చూపిస్తడు. బిడ్డ చెప్పింది గదా అని గునుగు పీకకుంట ఓపిక పడ్తడు. చేనంత తెల్లగ పూస్తది. పల్లి దిగుబడి రాదు. వాన్ని చూసి పక్క చేనోడు గూడ...”

“ఒక్క పుస్తకానికి చేన్లు మునుగవు. నువ్వన్నిటికి గిట్లనే అంటవ్. పోయిన నెల గ్యాస్ సిలిండర్ పేలుతదన్నవ్. పేలిందా?”

“పేలలే. నేను లేచి బంద్ చేసిన గనక.”

“తలుపు కొడ్తున్నరు. అమ్మా, నీకు దండం పెడ్త. ఒక్క మాట మాట్లాడకు. ఏడాది అమ్మా, నా ఏడాది.”

సుందరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని తలుపు తీసింది. గడప అవతల శ్రీహరిరావు సారు, మెడలో కెమెరాతో, పెళ్లికి వచ్చినంత సంబరంగా నిలబడి ఉన్నాడు.

“నమస్కారమండీ, సుజన అమ్మగారు కదూ? మీ అమ్మాయి చేసింది మామూలు పని కాదండీ. ఏదమ్మా సుజనా, ఎక్కడ మీ నడిచే గడ్డి?”

“అటు దిక్కు సార్, ఇంటెనుక. రండి, నేను చూపిస్త.”

“ముందుగాల లోపలికొచ్చి కూసోండ్రి సారూ. ఆ గడ్డి యాడికి పోదు, మూడు నెలల సంది ఉన్నకాడనే ఉన్నది. పుల్లలు పట్టుకోని నడిచింది నేను.”